ఓర్వియేతో బావిలో తోడికోడళ్ళు

మొన్న మా జెర్సీ సిటీ అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో ఒక అమ్మాయి నన్ను గుర్తుపట్టింది. పేరు హారిక. వాళ్ళమ్మ ఒకప్పుడు నా గ్రూపులో ఇటలీ వచ్చిందట.

"ఆంటీ, నేను ఐటీ జాబ్ వదిలేసి టూర్ కంపెనీలో జాయిన్ అయ్యా. నెక్స్ట్ మంత్ నా ఫస్ట్ గ్రూప్. ఓర్వియేతో కూడా ఉంది. ఏం చదువుకోమంటారు?" అంది.

ఓర్వియేతో పేరు వినగానే నాకు ఒళ్ళు తెలియలేదు. నేను దిగాల్సిన ఫ్లోర్ దాటిపోయింది, ఆ అమ్మాయి దిగాల్సిందీ దాటిపోయింది. ఇద్దరం పైదాకా వెళ్ళి మళ్ళీ లాబీకి వచ్చాం. నేను ఇంకా మాట్లాడుతూనే ఉన్నాను. కొరియర్ అబ్బాయి అట్టపెట్టెలు పట్టుకుని లోపలికి రావాలని చూస్తుంటే అప్పుడు ఆపాను. లిఫ్టులో ముగిసే సంగతి కాదు గనక ఇక్కడ రాస్తున్నాను. హారికకీ, ఆమెలాగా ఈ పనిలోకి వస్తున్న మరికొందరికీ.

అసలు ఈ పని ఏమిటి

నేను టూర్ మేనేజర్‌గా చేశాను. చరిత్ర చెప్పే గైడ్ వేరు, టూర్ మేనేజర్ వేరు. ఇటలీలో గుడి ముందు నిలబడి కథ చెప్పాలంటే అక్కడి లైసెన్సు కావాలి. ఆ పని మాకు ఓర్వియేతోలో లూచియా అనే ఆవిడ చేసేది. ఆమె ఇంగ్లీషులో చెబితే నేను మన పెద్దవాళ్ళకి తెలుగులో అందించేదాన్ని. మిగతాదంతా నా పని. ఎవరి సూట్‌కేసు రాలేదు, ఎవరికి షుగర్ మాత్ర వేళయింది, ఎవరు భర్త మీద అలిగి బస్సులో వెనక సీటుకి వెళ్ళారు, ఎవరికి పెరుగు లేకపోతే భోజనం అయినట్టుండదు. ఇవన్నీ తెలిసినవాళ్ళే ఈ పని చేయగలరు. తేదీలు కంఠతా పట్టినవాళ్ళు చాలామంది వచ్చారు, వెళ్ళిపోయారు.

రోమ్ చూపించాను, వెనిస్ చూపించాను. కాని నా ఉద్యోగం గురించి తలచుకుంటే ముందు కళ్ళకి కట్టేది ఓర్వియేతోనే. రోమ్ నుంచి ఫ్లోరెన్స్ వెళ్ళే దారిలో, పొలాల మధ్య, ఒక పెద్ద రాతిగుట్ట గోడలాగా నిటారుగా లేచి ఉంటుంది. పైన బల్లపరుపు. ఆ పరుపు మీద ఊరు. రైల్వే స్టేషన్ ఎదుటనుంచి తాడుతో లాగే చిన్న రైలుపెట్టె ఏటవాలుగా పైకి తీసుకెళ్తుంది. మా గ్రూపులో ఎవరో ఒకరు "అచ్చం పళని కొండ ట్రెయిన్‌లా ఉందే!" అనకుండా ఆ పెట్టె ఎప్పుడూ పైకి చేరలేదు. చేరాక సన్నని సందులు, రాతి ఇళ్ళు, కిటికీల్లో పూలకుండీలు. ఒక సందు మలుపు తిరగ్గానే, ఏ హెచ్చరికా లేకుండా, ఊరి పెద్ద చర్చి ఎదురుగా వచ్చి నిలబడుతుంది. ఎన్నిసార్లు చూసినా నా గుండె ఒక్కసారి గట్టిగా కొట్టుకునేది. ఇప్పుడు రాస్తుంటే కూడా కొట్టుకుంటోంది.

రోజా

నాకు పని నేర్పింది మా యజమానురాలు. ఇటాలియన్ల ఇంట్లో న్యూజెర్సీలో పుట్టిన మనిషి. పేరు రోసా. మనవాళ్ళు మొదటిరోజే రోజా గారిని చేశారు. ఆవిడకి ఆ పేరే నచ్చింది. ఆఫీసు ఒక బేకరీ పైన ఉండేది. కోపం వస్తే ఆవిడ అరుపులు కింద రొట్టెలు కొనేవాళ్ళకి వినబడేవి.

మొదటిసారి నన్ను ఓర్వియేతో తీసుకెళ్ళినప్పుడు నేను చర్చి గురించి బోలెడు చదువుకుని వెళ్ళాను. ఎన్ని తరాలు కట్టారు, ఏ శిల్పి తర్వాత ఏ శిల్పి వచ్చాడు, అన్నీ. ఆవిడ నా చేతిలో కాగితాలు లాక్కుని బ్యాగులో పెట్టేసుకుంది. చర్చికి ఎదురుగా, గోడవారన రాతి అరుగు ఉంటుంది. దాని మీద కూర్చోబెట్టింది.

"ఏం కనిపిస్తోందో చెప్పు."

"గోతిక్ శైలిలో..."

"గోతిక్ నీకు కనిపిస్తోందా? నాకు కనిపించడంలేదే. నీ కంటికి ఏం కనిపిస్తోంది?"

నేను చూశాను. అప్పుడు సాయంత్రం. పక్కగోడలు నలుపూ తెలుపూ చారల్లో ఉన్నాయి, మా అమ్మ కట్టుకునే అడ్డచారల చీరలాగా. ముందుగోడ నిండా బంగారు ముక్కలు అతికిన బొమ్మలు. వాలుపొద్దు వాటి మీద పడి గోడంతా వెలిగిపోతోంది. కింద, మనిషి ఎత్తులో, పాలరాతిలో చెక్కిన కథలు. ఒక చివర సృష్టి మొదలు. ఇంకో చివర పాపుల్ని పీక్కుతింటున్న భూతాలు.

"ఇది మా యమలోకం!" అని అరిచాను. "మా ఊళ్ళో క్యాలెండర్లలో ఇలాగే ఉంటుంది, కాగే నూనె ఒక్కటే తక్కువ."

రోజా చప్పట్లు కొట్టింది. "ఇదీ! ఇది చెప్పు మీవాళ్ళకి. శిల్పుల పేర్లు లూచియా చెబుతుంది."

ఆ రోజునుంచి నేను ఎవరికీ ముందు తేదీ చెప్పలేదు. ముందు చూడమనేదాన్ని. తర్వాత వాళ్ళే అడిగేవారు, ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు అని. అప్పుడు లోపల దాచిన గుడ్డ కథ చెప్పేదాన్ని. దేవుడి మీద అనుమానం ఉన్న ఒక పూజారి ప్రార్థన చేస్తుంటే ప్రసాదపు రొట్టెలోంచి రక్తం కారిందనీ, ఆ మరకలు పడ్డ గుడ్డ ఇక్కడే ఉందనీ వాళ్ళ నమ్మకం. ఆ మాట వినగానే మన పెద్దవాళ్ళు చెప్పులు ఎక్కడ విడవాలని వెతికేవారు. అక్కడ విడవక్కర్లేదని నచ్చజెప్పడం నాకు ప్రతిసారీ కష్టమయ్యేది.

కదలనన్న హెడ్మాస్టరు

రోజాకి ఒక జబ్బు ఉండేది. రోజుకి మూడు ఊళ్ళు పెట్టేది. ఎక్కువ ఊళ్ళుంటే జనం ఎక్కువ వస్తారని ఆవిడ లెక్క. పొద్దున ఒక కొండ, మధ్యాహ్నం ఓర్వియేతో, సాయంత్రం ఇంకో కొండ. ఫోటో తీసుకోవడం, బస్సెక్కడం.

ఒకసారి రామ్మోహన్ గారని రిటైరయిన హెడ్మాస్టరు వచ్చారు, కొడుకు దగ్గర ఆరునెలలు ఉండడానికి వచ్చిన మనిషి. చర్చి చౌకు మూలన ఒక గడియారపు బురుజు ఉంది. దాని మీద కంచు మనిషి నిలబడి సుత్తితో గంట కొడతాడు. చర్చి కట్టే రోజుల్లో కూలీలకి పనివేళలు తెలియడం కోసం పెట్టారట. రామ్మోహన్ గారు తల ఎత్తి ఆ బొమ్మను చాలాసేపు చూశారు. ఈలోగా నేను "టైమయింది, బస్సు దగ్గరికి పదండి" అన్నాను.

ఆయన వెళ్ళి రాతి అరుగు మీద కూర్చున్నారు.

"నేను రానమ్మా."

"ఒంట్లో బాగోలేదా మాస్టారూ?"

"బ్రహ్మాండంగా ఉంది. ముప్పయ్యేళ్ళు బెల్లు కొడితే లేచాను, బెల్లు కొడితే కూర్చున్నాను. ఇక్కడ గంట కొట్టేవాడు హాయిగా పైన నిలబడ్డాడు. మీరు మాత్రం నన్ను బస్సెక్కమంటున్నారు. ఇప్పుడే కదా ఊరు కనిపించడం మొదలైంది? సాయంత్రందాకా కూర్చుంటాను. మీరు వెళ్ళి రండి."

ఆయన పక్కన ఇంకో ఇద్దరు కూర్చున్నారు. తర్వాత సగం గ్రూపు కూర్చుంది. నేను రోజాకి ఫోన్ చేశాను. ముందు అరిచింది. చివరికి అడిగింది, "ఇప్పుడు గోడ మీద ఎండ పడుతోందా?"

"పడుతోంది. మొదలైంది."

"అయితే బస్సుని పంపించెయ్."

మరుసటి ఏడాదినుంచి మా టూర్లలో ఓర్వియేతోకి రెండు రాత్రులు కేటాయించాం. ఊళ్ళు తగ్గించాం. వచ్చేవాళ్ళు తగ్గలేదు. యజమాని తన ప్లాను తప్పని ఒప్పుకోవడం ఈ వ్యాపారంలో నేను చూసింది ఆ ఒక్కసారే. రోజా మీద నాకు గౌరవం ఆ రోజు కలిగింది.

పావురాల గూళ్ళు

ఓర్వియేతోలో సగం ఊరు కింద ఉంటుంది. గుట్ట మెత్తని అగ్నిపర్వతపు రాయి. రోమన్లకన్నా ముందున్న ఎత్రుస్కన్లనే జనం తవ్వడం మొదలుపెడితే, తర్వాతివాళ్ళూ ఆపలేదు. ఇంటి కింద గుహ, గుహ కింద బావి. కొన్ని గుహల గోడల్లో వరసగా చిన్న చిన్న గూళ్ళు, మన దీపపు గూళ్ళలాగా. అవి పావురాలకి. మా గ్రూపు ఆడవాళ్ళు "ఎంత ముద్దుగా ఉన్నాయో, పక్షులంటే ఎంత ప్రేమో" అని మురిసిపోయేవారు. లూచియా ఇంగ్లీషులో మిగతా సగం చెప్పేది. ముట్టడి వచ్చినప్పుడు తినడానికి పెంచేవారనీ, ఈరోజుకీ ఊళ్ళో హోటళ్ళలో పావురం కూర దొరుకుతుందనీ. నేను ఆ సగాన్ని ఏనాడూ మింగలేదు, అలాగే తెలుగులో చెప్పాను. మొహాలు మాడిపోయేవి. ఫరవాలేదు. చరిత్రని తీపి చేసి చెప్పే గైడ్లంటే నాకు గిట్టదు. ఆకలేసిన మనుషులు ఏం చేశారో అదే చెప్పాలి.

బావి

ఇక అసలు సంగతికి వస్తాను.

ఒక ఏడాది గ్రూపులో డాలస్ పక్కనున్న ఇర్వింగ్ నుంచి కొందరు, ఎక్కడో పడమటి తీరాన ఉన్న బాతెల్ నుంచి కొందరు, మిగతావాళ్ళు మా న్యూజెర్సీవాళ్ళు. అందరూ నెవార్క్ ఎయిర్‌పోర్టులో కలిశారు. ఇర్వింగ్ నుంచి వచ్చిన సరోజిని గారు, అరవై దాటిన మనిషి, గేటు దగ్గర నన్ను చూసి నవ్వబోయి, నా వెనక ఎవరినో చూసి ఆగిపోయారు. వెనక బాతెల్ నుంచి వచ్చిన విమల గారు. ఇద్దరి ఇంటిపేరూ ఒకటే అని నేను గమనించాను గాని, ఆ ఇంటిపేరు మనలో సవాలక్షమందికి ఉంది. వీళ్ళు సొంత తోడికోడళ్ళని నాకేం తెలుసు?

"ఆవిడ వస్తోందని నాకెవరూ చెప్పలేదే!" అన్నారు సరోజిని గారు.

"నాకు మాత్రం చెప్పారా? నేనూ టికెట్ కొనుక్కునే వచ్చా," అన్నారు విమల గారు, గోడకి చెబుతున్నట్టు.

ఇద్దరి భర్తలూ రాలేదు. నడక ఎక్కువ, మోకాళ్ళు సహకరించవు అన్నారట ఇద్దరూ.

ఫ్లోరెన్స్ చేరేసరికి గ్రూపు రెండుగా చీలిపోయింది. బ్రేక్‌ఫాస్ట్ దగ్గర ఇర్వింగ్ బల్ల ఒకటి, బాతెల్ బల్ల ఒకటి. న్యూజెర్సీవాళ్ళు ప్లేట్లు పట్టుకుని ఎటు కూర్చోవాలో తెలియక నిలబడేవారు. ఒక జంట "మేం మధ్యలోనే వెళ్ళిపోతాం, ఈ మూతి ముడుపులు చూడ్డానికా వచ్చాం?" అన్నారు. నాకు కంగారు పుట్టి రోజాకి ఫోన్ చేశాను.

"వాళ్ళని కలపడం నీ పని కాదు," అంది ఆవిడ. "విడదీసి కూర్చోబెట్టడమూ నీ పని కాదు. ఊరు చూపించు."

ఓర్వియేతో వెళ్ళే రైల్లో సరోజిని గారే నాకు చెప్పారు. "మా పెద్దమ్మాయి పెళ్ళి డాలస్‌లో చేశాం. తర్వాత వియ్యాలవారిని భోజనానికి పిలిచి వీడియో పెట్టాం. తలంబ్రాలు పోసుకుంటున్నారు, అందరం మురిసిపోతున్నాం. అంతలో వెనకనుంచి ఈవిడ గొంతు, 'పులిహోరలో ఉప్పు చూసే దిక్కు లేదా ఈ పెళ్ళికి?' అని. మా వియ్యపురాలు నా మొహంలోకి చూసింది శారద గారూ. ఆ చూపు నేను మర్చిపోలేను. ఇప్పటికీ తలంబ్రాలు చూడాలంటే ఆ మాట వినాల్సిందే."

స్టేషన్లో దిగాక విమల గారు తన వైపు చెప్పారు. "నోరు జారాను, కాదన్లేదు. సారీ చెబుదామని ఎన్నిసార్లు ఫోన్ చేశానో. అక్క ఎత్తలేదు. తర్వాత నాకూ పౌరుషం వచ్చింది. మా ఆయనా బావగారూ మాత్రం మాకు తెలియదనుకుని రోజూ మాట్లాడుకుంటూనే ఉంటారు."

మధ్యాహ్నం బావి దగ్గరికి వెళ్ళాం. రోమ్ మీద సైన్యాలు పడి దోచుకున్న రోజుల్లో, అప్పటి పోప్ తప్పించుకుని ఈ కొండ మీద తలదాచుకున్నాడు. శత్రువు చుట్టుముడితే తాగడానికి నీళ్ళెలా అని భయం పట్టుకుంది ఆయనకి. కొండని తొలిపించి బావి తవ్వించాడు. పూర్తయ్యేసరికి ఆయన బతికి లేడు. మనకి దిగుడుబావులు తెలుసు. ఇలాంటిది తెలియదు! గుండ్రటి బావి చుట్టూ, గోడ లోపల, రెండు మెట్లదారులు ఒకదాన్నొకటి పెనవేసుకుని దిగుతాయి. నీళ్ళు మోసే కంచరగాడిదలు ఒక దారిన దిగి, అడుగున చిన్న వంతెన దాటి, రెండో దారిన ఎక్కి వచ్చేవి. దిగేది ఎక్కేదానికి ఎక్కడా ఎదురు రాదు. పైనుంచి కిందిదాకా బావిలోకి తెరుచుకున్న కిటికీలు. ఒక దారిలో ఉన్నవాళ్ళకి అవతలి దారిలోవాళ్ళు కిటికీల్లోంచి కనిపిస్తారు, చేతికి మాత్రం చిక్కరు.

మెట్ల దగ్గర టూర్ మేనేజర్ ఎప్పుడూ అందరికన్నా వెనక ఉండాలి. ఇది రాసి పెట్టుకోండి. ముందు నడిచేవాడికి ఎవరు ఆగిపోయారో తెలియదు.

విమల గారు అందరికన్నా ముందు చకచకా దిగిపోయారు. సరోజిని గారు చివర, నా ముందు. సగం దిగాక ఆవిడ ఒక కిటికీలోంచి కిందికి తొంగిచూశారు. అంతే, గోడకి వీపు ఆనించి నిలబడిపోయారు. మొహం పాలిపోయింది, నుదుటి మీద చెమట.

"నా వల్ల కాదు శారద గారూ. ఊపిరాడట్లేదు."

పైనుంచి స్కూలు పిల్లల గుంపు ఒకటి కేకలేసుకుంటూ దిగుతోంది. వెనక్కి ఎక్కే వీలు లేదు. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "సరోజిని గారూ, నెమ్మదిగా గాలి పీల్చండి. సరోజిని గారూ!" నా గొంతు బావి అంతా మోగింది.

ఎదుటి గోడలోని కిటికీలో ఒక తల కనిపించింది. విమల గారు అప్పటికే వంతెన దాటి, అవతలి దారిన ఎక్కుతూ మా ఎత్తుకి వచ్చారు.

"అక్కా! ఏమైంది?"

సరోజిని గారు కళ్ళు మూసుకునే ఉన్నారు. "విమలా... కళ్ళు తిరుగుతున్నాయే."

"కిందికి చూశావా? చూడకు! నన్ను చూడు. కళ్ళు తెరిచి నన్ను చూడు అక్కా. పొద్దున టాబ్లెట్ వేసుకున్నావా?"

"వేసుకున్నా."

"టిఫిన్ తిన్నావా?"

"నువ్వు అవతల బల్ల దగ్గర కూర్చుంటే నాకు తినబుద్ధి కాలేదు."

"అదీ సంగతి! ఆగు, నేనూ నీతోపాటే దిగుతా. ఒక కిటికీ నువ్వు, ఒక కిటికీ నేను."

ఆవిడ ఎక్కిన మెట్లు మళ్ళీ దిగడం మొదలుపెట్టారు, జనానికి ఎదురుగా. "ఎక్స్‌క్యూజ్ మీ, మై సిస్టర్, మై సిస్టర్!" అని అందరినీ పక్కకి తప్పిస్తూ. ఆ రెండు దారులూ ఒకేలా తిరుగుతాయి గనక, మేము ఒక కిటికీ కిందికి దిగితే అక్కడ సరిగ్గా ఎదురుగా ఆవిడ మొహం. "ఆ, ఉన్నా. తర్వాతది." మళ్ళీ ఇంకో కిటికీ, మళ్ళీ ఆ మొహం. నాకు ఎన్నో కథలు నోటిదాకా వచ్చాయి, పోప్ గురించీ, గాడిదల గురించీ. ఒక్కటీ చెప్పలేదు. సరోజిని గారి చెయ్యి నా చేతిలో మెల్లిగా వెచ్చబడుతోంది. నాకు గంతులు వేయాలన్నంత సంతోషంగా ఉంది. మా గ్రూపువాళ్ళు పై కిటికీల్లోంచి, కింది కిటికీల్లోంచి తలలు పెట్టి చూస్తున్నారు, ఇర్వింగూ బాతెలూ అన్న తేడా లేకుండా.

అడుగున వంతెన మీద ఇద్దరూ కలిశారు. కింద నీళ్ళు, పైన ఎక్కడో నాణెమంత ఆకాశం. విమల గారు బ్యాగులోంచి బిస్కెట్ తీసి ఆవిడ నోట్లో పెట్టారు.

సరోజిని గారు నములుతూ అన్నారు, "నేనూ తిన్నాలే ఆ పులిహోర. చప్పగానే ఉంది."

"అక్కా..."

"చప్పగా ఉంటే నా చెవిలో చెప్పాలి గాని కెమెరాకి చెబుతావుటే?"

"కెమెరా ఉందని నాకేం తెలుసు అక్కా! వాడు స్తంభం వెనక నక్కాడు!"

ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు గోడలకి తగిలి పైకంటా వెళ్ళింది. పైనున్న స్కూలు పిల్లలకి ఏమీ అర్థంకాకపోయినా వాళ్ళూ నవ్వారు. లూచియా నా పక్కకి వచ్చి "ఏమైంది?" అని అడిగింది. నేను చెప్పడానికి ప్రయత్నించాను. పులిహోరని ఇంగ్లీషులోకి మార్చడం దగ్గరే ఆగిపోయాను.

హారికా, నువ్వు అడిగిన ప్రశ్నకి నా జవాబు ఇది. ఊరి చరిత్ర చదువుకో, బాగా చదువుకో. ఆ బావి ఎలా కట్టారో నాకు తెలియకపోతే ఆ రోజు సరోజిని గారిని వెనక్కి లాక్కెళ్ళి ఆ గుంపులో ఇరికించి ఉండేదాన్ని. కిందికి వెళ్తే వంతెన ఉందని తెలుసు గనకే దింపాను. చదివినదంతా చెప్పాలని మాత్రం అనుకోకు.

బయటికి వచ్చాక ముగ్గురం బావి పక్కన తోటలో బెంచీ మీద కూర్చున్నాం. కొండ అంచునుంచి కింద లోయ అంతా కనిపిస్తోంది. సరోజిని గారు ఇర్వింగ్‌కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టారు. అక్కడ అప్పుడే తెల్లారింది.

"ఏమండీ, నేనూ..."

"ఏమైంది? మాట్లాడుకున్నారా?" అన్నాడాయన ఆత్రంగా.

సరోజిని గారు ఫోన్ వైపు చూశారు. "ఎవరితో? విమల ఇక్కడుందని మీకు నేను చెప్పలేదే?"

అవతల కుర్చీ జరిపిన శబ్దం. తర్వాత అదే ఫోన్లోంచి ఇంకో మగగొంతు వచ్చింది. బాతెల్‌లో మోకాళ్ళ నొప్పితో పడుకుని ఉండాల్సిన విమల గారి భర్తది.

"వదినా, రెండు టికెట్లూ బుక్ చేసింది నేనే. అన్నయ్య తప్పేం లేదు."

తోడికోడళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. విమల గారు వంగి ఫోన్ కట్ చేశారు.

"ఇంటికెళ్ళాక చెబుదాం అక్కా, వీళ్ళ పని."

"చెబుదాం," అన్నారు సరోజిని గారు, ఆవిడ భుజం మీద చెయ్యి వేసి లేస్తూ. "ఇద్దరం కలిసే చెబుదాం."